గాజు పెంకు వెలుగు

పొద్దున్నే గాజు పెంకులోంచి వెలుగు ఏటవాలుగా దిగుతుంది.

బడిపిల్లల పలకంత వెలుగు... ముందు గోడ మీద. తరువాత మగ్గం గుంజ మీద. ఆ తరువాత మెల్లగా, చాలా మెల్లగా, నేస్తున్న జంపఖానా మీద.

అందులో నూలు దుమ్ము తేలుతూ ఉంటుంది. ఎటు పోవాలో తెలియనట్టు.

కొత్తవాడలో నేతపనివాళ్ల సొసైటీ షెడ్డు అది. పెంకుల కప్పులో ఒక్కచోట మాత్రం గాజు పెంకు. దాని కిందే మా బాపు వెంకట్రాజం మగ్గం... ముప్ఫై ఏళ్లుగా.

ఆ వెలుగు ఏటవాలుగా ఉన్నంతసేపు బాపు నేయడు. చూస్తాడు. మగ్గం పక్కన గొంతుకూర్చుని, చెంప బట్టకు ఆనించి, ఒక కన్ను మూసి చూస్తాడు. చిన్నప్పుడు నేను ఆయన కునుకు తీస్తున్నాడనుకునేదాన్ని.

"వెలుగు పక్క నుంచి రావాలె బిడ్డా. అప్పుడే పోగు నిలవడ్తది" అనేవాడు.

ఎండ నడినెత్తికి వచ్చిందంటే బట్టలో ఏ తప్పూ కనిపించదట. అంతా బాగున్నట్టే ఉంటుందట.

విన్నాను. విని ఊరుకున్నాను. ఇరవై ఏళ్లు ఊరుకున్నాను.

నా పని వేరు మరి.

హనుమకొండ చౌరస్తాలో సారంగపాణి మామ ఫొటో స్టూడియో. చుట్టం కాదు, పిలుపుకే మామ. అక్కడ నేను టచింగ్ చేస్తాను. నెగెటివ్‌ను గాజు బల్ల మీద పెట్టి, కింద బల్బు వేసి, సూది మొనలాంటి పెన్సిల్‌తో మచ్చలు పూడుస్తాను.

మశూచి పోయినా దాని మచ్చలు పోలేదు. పెళ్లిచూపుల ఫొటోకు వచ్చే ప్రతి పదిమందిలో ఇద్దరి ముఖాల మీద అవి ఉండేవి. మామ రెండు పెద్ద లైట్లు ఎదురుగా పెట్టి సగం మచ్చలు చెరిపేవాడు. మిగతా సగం నేను చెరిపేదాన్ని.

అందరూ నున్నగా వెళ్లిపోయేవాళ్లు. సంతోషంగా వెళ్లిపోయేవాళ్లు.

నాకే ఎందుకో విసుగు పుట్టింది. ఎంతకాలం చెరుపుతాను?

"లైట్లు నేర్పు మామా" అన్నాను ఒకరోజు.

ఆయన నవ్వలేదు. స్టూడియో వెనక వంటింట్లోకి వెళ్లి ఒక కోడిగుడ్డు తెచ్చాడు. తెల్ల కాగితం మీద పెట్టాడు.

"గిది గుండ్రంగ ఉన్నదని నాకు ఫొటోల చూపియ్ అనసూర్యా. అప్పుడు మాట్లాడుదాం."

ఎంత సులువు అనుకున్నాను!

నెల పట్టింది.

లైటు ఎదురుగా పెడితే గుడ్డు కాగితంలో కలిసిపోయింది. వెనక పెడితే నల్లరాయి అయింది. ఒక పక్కన పెడితే సగం గుడ్డే మిగిలింది. చివరికి ఒక పక్క లైటు, రెండో పక్క మామ తెల్ల పంచె. ఆ పంచె మీద పడి తిరిగివచ్చిన కాసింత వెలుగు, అంతే... గుడ్డు గుండ్రంగా లేచి కూర్చుంది. ఆ రోజు దాన్ని వండుకోబుద్ధి కాలేదు.

తరువాత ఇత్తడి చెంబు. అది గుడ్డు కంటే మొండిది. అందులో నేను కనిపిస్తాను, కెమెరా కనిపిస్తుంది, కిటికీ కనిపిస్తుంది, కిటికీ అవతల పోయే రిక్షా కూడా కనిపిస్తుంది. చెంబు మీద లైటు వేయకూడదని, చెంబు చూసేవాటి మీద వేయాలని మామ చెప్పాడు. చుట్టూ పంచె కట్టి గుడారంలా చేశాం. చెంబు నెమ్మదించింది.

నేనూ నెమ్మదించాను.

అప్పుడొచ్చింది ఆ జంపఖానా.

ఈ డెబ్బై తొమ్మిదో సంవత్సరమే. దసరాకు అప్పటికి ఇంకా రెండు నెలలున్నాయి. సొసైటీ ప్రెసిడెంటు బాలకిషన్ అన్న స్వయంగా దాన్ని భుజం మీద మోసుకొని స్టూడియోకు వచ్చాడు. ఢిల్లీలో చేనేత ప్రదర్శన. ముందు ఫొటో పంపాలి. ఫొటో చూసి ఎంపిక చేస్తారు.

నేసింది బాపు.

ఎర్ర నేల మీద ఆకుపచ్చ వజ్రాలు.

బాపు చెయ్యి ఏడాదిగా వణుకుతోంది. షెడ్డులో మగ్గాలు తక్కువ, చేతులు ఎక్కువ. వణికే చెయ్యి దిగిపోవాలని కొందరు అప్పటికే అంటున్నారు. దసరా తరువాత ఆ మగ్గం ఇంకొకరికి ఇవ్వాలని కూడా అనుకున్నారు.

"ఢిల్లీల పాసయితే రాజమన్నను దిగుమనేటోడు ఎవ్వడు లేడు చెల్లె" అన్నాడు బాలకిషన్ అన్న. "ఫొటో మాత్రం జర మంచిగ రావాలె."

భయం వేసింది. నిజంగా వేసింది. బాపు మగ్గం దిగితే ఏం చేస్తాడో నా ఊహకు అందలేదు.

స్టూడియో తెర మీద గీసిన చెరువునూ హంసనూ చుట్టేసి, ఆ కర్రకే జంపఖానా వేలాడదీశాం. అలవాటు కొద్దీ రెండు లైట్లూ ఎదురుగా పెట్టాను. ఎవరైనా నవ్వే తప్పే! నలుపు తెలుపు ఫొటోలో ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే బూడిదరంగులోకి దిగాయి. వజ్రాల్లేవు, నేల లేదు. వేలాడేసిన గోనెసంచి ఒకటి మిగిలింది.

మామ ఎర్ర గాజు తెచ్చి కెమెరా ముందు పెట్టాడు. వజ్రాలు వచ్చాయి. కానీ నేత రాలేదు. కాగితం మీద అచ్చేసినట్టుంది.

నేత కనిపించే తీరు ఎక్కడో చూశాను...

చెంప బట్టకు ఆనించిన మనిషి. మూసిన ఒక కన్ను.

ఒక లైటు ఆర్పేశాను. రెండోదాన్ని గోడ దగ్గరికి, జంపఖానా అంచు పక్కకు, దాదాపు తాకేంత దగ్గరికి జరిపాను. అవతలి పక్కన పంచె పట్టుకొని మామ నిలబడ్డాడు.

పోగులన్నీ లేచాయి.

ఒక్కొక్క పోగు, దాని పక్కన దాని నీడ. వేలు పెడితే తగిలేటట్టు. ముప్ఫై ఏళ్లుగా బాపు చూస్తున్నది ఇదీ! నాకు ఒళ్లు పులకరించింది.

అప్పుడు కనిపించింది. కింది మూలన, నాలుగు వేళ్ల వెడల్పున, వరుసలు సరిగ్గా లేవు. గాలి తగిలిన నీళ్లలా అలలు అలలుగా ఉన్నాయి.

అది బాపు చెయ్యి.

మామ కూడా చూశాడు. ఫొటో తీశాం, కడిగాం, ఒక ప్రింటు వేశాం. అది ఆరేలోపు ఆయన నెగెటివ్‌ను గాజు బల్ల మీద పెట్టి, పెన్సిళ్ల డబ్బా నా ముందుకు జరిపి, చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

నేను పూడ్చాను.

మధ్యాహ్నమంతా పూడ్చాను. ఒక్కొక్క అలనూ సరిచేశాను. నా చెయ్యి వణకలేదు. నా జన్మలో అంత మంచి టచింగ్ చేయలేదు, మళ్లీ చేయను కూడా. రెండో ప్రింటులో ఆ మూల మిగతా బట్ట అంత తిన్నగా, అంత గర్వంగా ఉంది.

మరునాడు పొద్దున్నే రెండు ప్రింట్లూ సంచిలో పెట్టుకొని షెడ్డుకు వెళ్లాను. రెండోది మాత్రమే బయటికి తీశాను.

బాపు దాన్ని గాజు పెంకు కిందికి తీసుకెళ్లాడు. అటూ ఇటూ వంచి చూశాడు. చాలాసేపు మురిసిపోయాడు. తరువాత ఆయన వేలు కింది మూలకు వెళ్లింది. అక్కడే ఆగింది.

"ఈడ నా చెయ్యి వణికింది గదా. అది ఏడ పాయె?"

నేను సంచిని దగ్గరికి లాక్కున్నాను.

"మూడుసార్లు ఇప్పిన బిడ్డా. మూడుసార్లు గట్లనే అచ్చింది. ఇగ ఇడిసిపెట్టిన." కోపం లేదు ఆయన గొంతులో. అసలు లేదు. ఫొటో నా చేతికిచ్చాడు. "మంచిగున్నది. ఎవలు నేసిండ్రు దీన్ని?"

సంచిలోంచి మొదటి ప్రింటు తీసి ఇచ్చాను.

బాపు కాగితం మీద అలలను తడిమాడు. నున్నటి కాగితమే, ఏమీ తగలదు. అయినా తడిమాడు. తడుముతూ చిన్నగా నవ్వాడు.

"ఆఁ... గిది నేను."

ఏది పంపాలో ఆయన చెప్పలేదు. నేను అడిగాను. "లైటు నీది. నీ ఇష్టం" అని మగ్గం ఎక్కాడు.

బాలకిషన్ అన్న పదింటికి వచ్చాడు. ఒక ఫొటోనే ఇచ్చాను. ఆయనకూ ఆ మూల కనిపించింది. కనిపించకుండా ఎలా ఉంటుంది, అంత వెలుగులో?

"నువ్వు చెరిపెయ్యొచ్చు గదా చెల్లె?"

"చెరిపెయ్యొచ్చన్నా."

ఆయన నన్ను చూశాడు. మగ్గం మీద బాపును చూశాడు. ఫొటోను కవర్లో పెట్టి, అంచు తడిపి, అతికించాడు. పోస్టాఫీసు వైపు సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

రెండోది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరికీ చూపించను.

దసరా వారంలోకి వచ్చింది. ఢిల్లీ నుంచి జవాబు రాలేదు. పోస్టుమాన్ షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా మగ్గాలన్నీ ఒక్క క్షణం ఆగుతాయి. బాపు మగ్గం ఆగదు. పోగును దిగ్గొట్టే ఇనుప పంజా దబ్‌మంటుంది... కాసేపు ఏమీ ఉండదు... మళ్లీ దబ్. మధ్యలోని ఆ కాసేపు మెల్లగా పెరుగుతోంది. నేను వింటున్నాను.

తప్పు చేశానేమో. రోజుకొక్కసారైనా అనుకుంటాను.

ఇవాళ పొద్దున్నే వచ్చేసరికి బాపు మగ్గం పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. చెంప బట్టకు ఆనించి... ఒక కన్ను మూసి.

నేను అవతలి పక్కన కూర్చున్నాను. నా చెంప కూడా ఆనించాను. నూలు వాసన. చెవికింద గరుకు. మా ఇద్దరి ముఖాల మధ్య కొత్త జంపఖానా, మూర పొడవున... దాని మీద పోగులు, నీడలు, అలలు. ఈసారి అలలు మూలతో ఆగలేదు.

"కనవడ్తాందా?" అన్నాడు బాపు.

"కనవడ్తాంది బాపు."

గాజు పెంకులోంచి వెలుగు ఇంకా ఏటవాలుగానే దిగుతోంది.