ఇల్లు, కాపలా మనిషితో సహా

రామాంజులు వరండాలో ఇసుక మళ్ళీ ఊడుస్తున్నాడు. ఎన్నిసార్లు ఊడిస్తే మాత్రం ఏం లాభం, ఖిరాన్ గాలికి సిగ్గూ శరమూ లేదు. చీపురు గోడకు ఆనించేలోపు గచ్చంతా పరిచేస్తుంది. అయినా ఊడవక తప్పదు. తొంభైవ సంవత్సరం ఆగస్టు మొదటి గురువారం, సెలవురోజు. ఇల్లు కొనేవాళ్ళెవరో చూడ్డానికి వస్తారని బాబా, అంటే యజమాని అబూ నాసర్, ముందే కబురు పెట్టాడు.

అమ్మకానికి పెట్టిన ఇల్లు చూడముచ్చటగానే ఉంటుంది. కువైట్‌కు దక్షిణపు కొసన ఈ ఖిరాన్‌లో, ఎడారిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, చెరువు మాదిరి కదలకుండా పడుకుని ఉంటుంది. దాని ఒడ్డున తెల్లటి మేడ, నీళ్ళలోకి దిగే మెట్లు, చుట్టూ గన్నేర్లు, ఖర్జూరాలు. ఆ చెట్టూ చేమా అన్నీ రామాంజులు పెంచినవే. ఉప్పునేలలో గుంతలు తవ్వి, ట్యాంకరు నీళ్ళు బకెట్లతో మోసి, అరచేతులు బొబ్బలెక్కి కాయలు కాశాయి. ఎండకు మాడి మాడి నల్లబడ్డాడు. వంగి పని చేసీ చేసీ, నిలబడినా సగం వంగే ఉంటాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు.

పోయిన నెల పేపర్లో వేయడానికి ఫొటోలు తీసేవాడొచ్చి, "నువ్వు పక్కకు పో, అడ్డం" అన్నాడు. పోయాడు. ఆ తర్వాత ఇల్లు చూడొచ్చిన పెద్దమనిషి, "మరి కాపలావాడో?" అని అడిగితే, "ఇంటితోపాటే వస్తాడు, జనరేటర్ లాగా" అని నవ్వాడు బాబా. వీడికి అరబ్బీ రాదనుకున్నాడేమో. ఇన్నేళ్ళుండి ఆ మాత్రం రాదూ? ఫొటోలో ఉండకూడదు గానీ బేరంలో ఉండాలంట. ఆ పూట రామాంజులుకు ముద్ద దిగలేదు.

ఎట్లా దిగుతుంది? తల్లి పోయిందని రాయచోటి నుంచి టెలిగ్రాం వస్తే, ఎండాకాలం చుట్టాలొస్తారు, చలికాలంలో పోదువులే అన్నది ఈ మహానుభావుడే. పాస్‌పోర్టు ఆయన దగ్గర. పోయిన తల్లి చలికాలం దాకా ఆగుతుందా? ఎద్దు పుండు కాకికి ముద్దా అని పెద్దలు ఊరికే అనలేదు.

ఎండ నెత్తికెక్కే వేళకు హైవే మీద కార్లు దక్షిణానికి బారులు కట్టాయి. సెలవుకని జనం సముద్రానికి వస్తున్నారనుకున్నాడు. అందులోంచి బాబా కారు విడివడి వచ్చింది. గేటు తీసి, కారు లోపలికొచ్చాక మూసి తాళం వేశాడు. ఆడవాళ్ళు లోపలుంటే గేటుకు తాళం పడాల్సిందేనని బాబా పెట్టిన కట్టడి అది. తాళంచెవి ఎప్పుడూ మొలతాటికే ఉంటుంది. వెనకే కొనేవాళ్ళొస్తున్నారు కాబోలని, పూల కప్పుల్లో టీ పోసుకుని పరుగున వచ్చాడు.

టీ వంక ఎవరూ చూడలేదు. బాబా నీళ్ళ క్యాన్లు మోసుకెళ్ళి డిక్కీలో కుక్కుతున్నాడు. కార్లో ముందు మామా, అంటే యజమానురాలు. వెనక, సిటీలో వాళ్ళుండే సాల్మియా ఇంటి పనిమనిషి కళావతి, ఆమె బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూచుంది. రాయచోటి పక్కనే లక్కిరెడ్డిపల్లె పిల్ల.

"ఇరాకోళ్ళు వచ్చినారన్నా," అంది గొంతు తగ్గించి. "సాల్మియాలో రోడ్ల మింద ట్యాంకులే. మేము సౌదీకి పోతాండాం. నీ జవాజ్ మామా సంచిలోనే ఉండాది, నా కండ్లతో చూస్తి."

జవాజ్ అంటే పాస్‌పోర్టు. రామాంజులు ట్రే కింద పెట్టి బాబా దగ్గరికి పోయాడు.

"నన్ను గూడా తీసకపో బాబా."

"చోటు లేదు."

చోటెందుకు లేదు? వెనక సీటు సగం చుట్టిన తివాచీలే.

"అట్లయితే నా జవాజ్ ఇచ్చి పో."

"ఇస్తే నువ్వు పోతావు. ఇల్లెవరు చూస్తారు? ఈ గొడవ రెండు రోజుల్లో ఖలాస్. కొనేవాళ్ళొస్తే తలుపులు తీసి చూపించు. యల్లా, త్వరగా గేటు తియ్."

ఊరి మీద సైన్యం వచ్చి పడినా ఈయనకు బేరమే కావాలి. రామాంజులు చెయ్యి అలవాటుగా మొలకు పోయింది. తాళంచెవి తగిలింది. చెయ్యి అక్కడే ఆగింది.

"తియ్యను," అన్నాడు.

బాబా తెల్లబోయాడు. ఆ నోటి నుంచి ఆ మాట ఎన్నడూ విని ఉండలేదు.

"జవాజ్ ఇస్తేనే గేటు. ఇల్లు నీది, అమ్ముకో. నేను ఇంట్లో సామాను కాదు."

బాబా తిట్టాడు. ఆపైన చెంప పగలగొట్టాడు. చెవి గుయ్యిమంది. రామాంజులు గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"కొట్టు బాబా. నువ్వు కొడతా ఉంటే ఇరాకోళ్ళు వచ్చేస్తారు."

రోడ్డు మీద హారన్లు ఆగడం లేదు. కార్లో బిడ్డ ఏడుపు అందుకుంది. చివరికి మామానే సంచి విప్పి, పాస్‌పోర్టుల కట్టలోంచి ఒకటి లాగి, కుక్కకు బొక్క వేసినట్టు కిటికీలోంచి ఇసుకలోకి విసిరింది.

వంగి తీసుకున్నాడు. తెరిచి చూశాడు. లోపల నల్లజుట్టుతో, మెడ నిటారుగా పెట్టుకుని ఎవరో పడుచువాడు. కాసేపటికి గానీ అది తనేనని తోచలేదు. జేబులో పెట్టుకున్నాడు. మొలతాటి ముడి చెమటకు బిగిసి ఊడలేదు. పుటుక్కున తెంపి గేటు తీశాడు.

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. కళావతి చెయ్యెత్తబోయి మానుకుంది. ఆమె పాస్‌పోర్టు ఇంకా ఆ సంచిలోనే ఉంది.

తన గది వైపయినా చూడకుండా రామాంజులు రోడ్డెక్కాడు. ఎవరో పఠాన్ పికప్ నెమ్మది చేసి, ఎక్కమని చేత్తో సైగ చేశాడు. ఎక్కి కూచున్నాడు. బండి కార్ల బారులో కలిసి దక్షిణానికి సాగింది.

వెనక గేటు బార్లా తెరిచి ఉంది. గొళ్ళేనికి తాళం వేలాడుతోంది. తాళంలోనే చెవి, ఆ చెవికి తెగిన నల్ల మొలతాడు, చెమటకు ఇంకా తడిగా.