రోవర్స్ కోసం కరామాలో ప్రార్థన

విట్లో సారు ఇంట్లో పేరమ్మ వంటకు కుదిరి రెండేళ్లు దాటింది. సారుది ఇంగ్లాండు. దుబాయ్‌లో ఓడలు బాగుచేసే డాక్‌లో ఇంజనీరు. ఆ రెండేళ్లలో ఆవిడ వంటకు ఆయన వంక పెట్టింది లేదు. పలావు చేస్తే పలావు, పులుసు పెడితే పులుసు. నుదుటి చెమట తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ, "గుడ్ పేరమ్మా, వెరీ గుడ్" అంటూ కంచం ఖాళీ చేసేవాడు. అలాంటి మనిషి ఎనభై మూడో సంవత్సరం సెప్టెంబరులో ఒక శనివారం, భోజనాల వేళ, ఆవిడ దెయిరా చేపల బజారు నుంచి తెప్పించి మసాలా పట్టించి వేయించిన రొయ్యల పళ్లేన్ని కనీసం ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయాడు.

పేరమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది. వంటింటి గుమ్మంలోంచి మేడమ్ వంక చూసింది. మేడమ్ అల్లుతున్న స్వెట్టరు మీంచి తలెత్తకుండా, "రోవర్స్ లాస్ట్" అంది.

పేరమ్మకు ఇంగ్లీషు వంటింటి మేరకే వచ్చు. ఆవిడ చెవికి అది 'రొయ్యలు లాసు' అని వినపడింది. అంటే రొయ్యలు పాడయ్యాయన్నమాట! రాజోలు దగ్గర గోదారి పాయలో వలేసుకు బతికిన మనిషి కూతురికి రొయ్యలు పాడైతే తెలీదా? పళ్లెం లోపలికి పట్టుకెళ్లి ఒకటి నోట్లో వేసుకుంది. అమృతంలా ఉంది. ఇంకోటి వేసుకుంది. అదీ అంతే. పళ్లెం సగమయ్యేసరికి అనుమానం తీరలేదు గానీ కడుపు మాత్రం నిండింది.

ఆ తర్వాత ఆ ఇంటి గడప రొయ్య తొక్కితే ఒట్టు. మళ్లీ శనివారం కోడికూర వండింది. సారు రేడియో ముందు కూర్చున్నాడు. అందులో ఒకాయన ఊళ్ల పేర్లూ అంకెలూ తాపీగా చదువుకుపోతున్నాడు. కాసేపు విని, రేడియో కట్టేసి, సారు మళ్లీ తినకుండానే లేచాడు. "రోవర్స్ లాస్ట్ అగైన్" అంది మేడమ్, నిట్టూర్చి.

కోడికూరలోకి రొయ్యలెక్కణ్ణుంచి వచ్చాయో పేరమ్మకు అంతుపట్టలేదు.

సంగతి తేల్చినవాడు సూరిబాబు. కాకినాడ వాడు, సిమెంటు కంపెనీలో వ్యాను తోలతాడు. ప్రతి శుక్రవారం జుమేరాలో సారు ఇంటికి వచ్చి, పేరమ్మను ఎక్కించుకుని దుబాయ్‌లోనే కరామా పేటలో ప్రార్థనకు తీసుకెళ్తుంటాడు. దారిలో ఆవిడ గోడు విని వ్యాను పక్కకాపి మరీ నవ్వాడు.

"అక్కా, రొయ్యలు కాదే తల్లీ! రోవర్స్! బంతాట. ఫుట్‌బాలు. మీ సారుది ఏ ఊరు?"

"హాల్డనంట. ఏడాది పొడుగూ వానేనంట."

"అదీ మరి. ఆ ఊరి జట్టు హాల్డన్ రోవర్స్. మా ముదీరూ, అదే మేనేజరూ, ఇంగ్లీషోడేగా, ఆడికి ఇంకో జట్టుంది, ఇయ్యన్నీ ఆడే చెప్తుంటాడు. ఆ దేశంలో పెద్ద జట్లన్నీ మొదటి డివిజన్లో ఆడతాయి. గెలిచినోళ్లు పైకెళ్తారు. ఓడిపోయి ఓడిపోయి అడుక్కెళ్లిన మూడు జట్లనీ ఏడాదాఖర్న కింద డివిజన్లోకి దింపేత్తారు. మీ సారు జట్టు అడుగునే ఉందంట."

పేరమ్మకు ముందు ప్రాణం లేచొచ్చింది. లోపం తన చేతి వంటలో లేదు. ఆ ఊరట కాస్త చల్లారాక సారు మీద జాలేసింది. హాల్లో మేకుకు వేలాడే నీలం, పసుపు చారల ఉన్ని మఫ్లరు ఎందుకో అప్పుడర్థమైంది. ఈ ఎడారిలో మఫ్లరేమిటని రెండేళ్లుగా దాన్ని దులుపుతూనే ఉంది.

ఇంటికెళ్లి మేడమ్‌ని అడిగింది. గల్ఫులో చాలా ఏళ్లుండి మేడమ్ కాస్త హిందీ నేర్చుకుంది. ఆ హిందీలోనే చెప్పింది: సారు చిన్నప్పటి నుంచీ ఆ జట్టంటే ప్రాణం. ఎన్నో ఏళ్లు కింద డివిజన్లో పడి ఉండి, మొన్న మే నెలలోనే పైకొచ్చింది. వార్త తెలిసిన రాత్రి, పేరమ్మ పడుకున్నాక, సారు ఇంటి పెరట్లో ఒక్కడే డాన్సు చేశాడట. పైకొచ్చిన ఏడాదే మళ్లీ ఇలా.

చలికాలం వచ్చింది. రోవర్స్ ఓడుతూనే ఉన్నారు. క్రిస్మసుకు పేరమ్మ కేకు చేసి, కోడిని నిలువునా ఓవెన్లో కాల్చి పెడితే సారు సంతోషంగా తిన్నాడు. మర్నాడే ఆట. ఐదు గోల్సు తిన్నారు రోవర్స్. మిగిలిన కోడి ఫ్రిజ్‌లో అలాగే ఉండిపోయింది. మనిషి చిక్కిపోతున్నాడు. బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకొచ్చాడు.

ఇక పేరమ్మ ఉండబట్టలేకపోయింది. జనవరిలో ఒక శుక్రవారం కరామాలో ప్రార్థన కోరికలు చెప్పుకునే వేళ లేచి నిలబడింది.

అది నాగరత్నమ్మ గారి ఫ్లాటు. ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. మనిషిలాగే హాలు కూడా విశాలం. వారం వారం అక్కడ ఇరవై మంది దాకా చాపలు పరుచుకుని కూర్చుంటారు. ప్రార్థన నడిపించేది ఏసుబాబు గారు. పాస్టరు కాదు, స్టోరుకీపరు. కానీ గొంతెత్తితే కింది అంతస్తు హోటల్లో గ్లాసులు ఆగిపోవాలి. అప్పటికి ఒకరు వీసా గురించి అడిగారు, ఒకరు ఊళ్లో అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి.

"మా సారు గారి ఊళ్లో బంతాట జట్టండీ. తెగ ఓడిపోతన్నారు. సారు అన్నం మానేసేరు. ఆళ్ల కోసం ప్రార్థన చెయ్యాలండి" అంది పేరమ్మ.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఏసుబాబు గారు నవ్వలేదు. గడ్డం నిమురుకుని ఆలోచించాడు.

"పేరమ్మా, అన్నం మానేసిన మనిషి కోసం ప్రార్థన చెయ్యడం మంచిదే. కానీ ఈళ్లు గెలవాలంటే ఎదుటోళ్లు ఓడాలి గదా? ఆళ్లూ దేవుడి బిడ్డలే. ఆళ్ల ఇళ్లల్లోనూ అన్నం మానేసే మనిషుంటాడు. ఒకళ్లు ఓడిపోవాలని మనం దేవుణ్ణి అడక్కూడదు."

పేరమ్మ మొహం చిన్నబుచ్చుకుని కూర్చోబోతుంటే నాగరత్నమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"అయితే ఎవరూ ఓడకుండా చూడమని అడగండి, ఏసుబాబు గారూ! అదేం పాపం కాదు గదా?"

అందరికీ ఆ మాట నచ్చింది. ఏసుబాబు గారు కళ్లు మూసుకుని, హాల్డన్ రోవర్స్‌నూ, వాళ్లతో ఆడబోయేవారినీ దేవుడి చేతుల్లో పెట్టి, ఉభయులకూ అవమానం లేకుండా కాపాడమని గట్టిగా వేడుకున్నాడు. ఇరవై గొంతులు ఆమెన్ అన్నాయి.

మర్నాడు పేరమ్మ గరిటె చేత్తో పట్టుకునే తలుపు చాటున నిలబడింది. రేడియో ఆయన చదువుతున్నాడు. "హాల్డన్ రోవర్స్, వన్..." ఆ తర్వాత అవతలి ఊరి పేరు. "...వన్."

ఒకే అంకె రెండుసార్లు వినపడితే సమం. అది సూరిబాబు నేర్పిన లెక్క. సారు కుర్చీలో వెనక్కి వాలి, బుగ్గల నిండా గాలి పీల్చి వదిలాడు. ఆ పూట భోజనానికి కూర్చున్నాడు.

పై వారం టూ, టూ. ఆ పై వారం నిల్, నిల్, అంటే సున్నాకు సున్నా. దేశంలోకెల్లా గట్టి జట్టుతో, వాళ్ల ఊళ్లోనే ఆడి, అదీ సమం చేసుకొచ్చారు. సారు వంటింట్లోకి వచ్చి, రెండు ఉల్లిపాయల్నీ ఒక నిమ్మకాయనూ బల్ల మీద దొర్లించి గోలు పడకుండా ఎలా ఆపారో పేరమ్మకు చేసి చూపించాడు. ఆవిడకు ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, ఆ మొహంలో వెలుగు చూసి పొయ్యి మీద పాలు పొంగిపోయే దాకా అలాగే నిలబడిపోయింది.

కరామాలో సంబరం ఇంతా అంతా కాదు. జన్మలో బంతాట చూడని ఆడవాళ్లు మెట్ల మీదే పట్టుకుని, "పేరమ్మా, ఈ వారం ఎలాగైంది మనోళ్లకి?" అని అడిగేవారు. హాల్డన్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. వానలెక్కువని మాత్రం తెలుసు. కోనసీమలాగే ఉంటుందని వాళ్లలో వాళ్లే తీర్మానించుకున్నారు.

ఏప్రిల్ వచ్చేసరికి సారు మళ్లీ దిగుల్లో పడ్డాడు. ఆటలు సమంగానే ముగుస్తున్నాయి. అయినా పేపరూ పెన్సిలూ ముందేసుకుని ఏవో కూడుకుంటూ తల అడ్డంగా ఊపుకుంటున్నాడు. పేరమ్మ వ్యానులో సూరిబాబును నిలదీసింది.

"ఓడట్లేదు గదరా, మరి ఈ దిగులేటి?"

సూరిబాబు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ నసిగాడు. "అక్కా, గెలిస్తే మూడు మార్కులు. సమమైతే ఒక్కటే. పక్క జట్లు గెలిచి మూడేసి మెట్లెక్కుతుంటే మనోళ్లు ఒక్కో మెట్టే ఎక్కుతున్నారు. ఇలాగైతే దిగిపోడం ఖాయం."

"ముందే చెప్పి చావొచ్చు గదా!"

"మీరందరూ కళ్లు మూసుకుని అంత గట్టిగా ప్రార్థన చేత్తుంటే మధ్యలో లేచి లెక్కలు చెప్పమంటావా?"

మే నెలలో ఆఖరాట మిగిలింది. గెలిస్తే ఉంటారు, లేకపోతే లేదు. ముందురోజు శుక్రవారం పేరమ్మ ఏసుబాబు గారిని బతిమాలింది. ఈ ఒక్కసారికి గెలిపించమని అడగమంది. ఆయన ఒప్పుకోలేదు.

"మనం ఏం అడిగితే దేవుడు అదే ఇచ్చేడు, తల్లీ. జనవరి నుంచీ మాట తప్పలేదు. లెక్క తెలీక అడిగింది మనం. ఇప్పుడు ఎదుటోణ్ణి ఓడించమని అడగడానికి నాకు నోరు రాదు."

కాబట్టి ఎప్పటి ప్రార్థనే చేశారు. ఇరవై మందీ ఎవరూ ఓడకూడదని అడుగుతుంటే, పేరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తన ప్రార్థన తను చేసుకుంది: "ప్రభువా, ఆ ఎదుటోళ్లు ఎలాగూ మధ్యలోనే ఉన్నారంట, పైకీ పోరు, కిందకీ రారు. ఒక్క ఆట ఓడితే ఆళ్లకొచ్చే నట్టం లేదు. కాస్త చూడు."

శనివారం రేడియో ఆయన ఎప్పటిలా తాపీగా చదివాడు. "హాల్డన్ రోవర్స్, వన్..." పేరమ్మ తలుపు అంచు పట్టుకుంది. "...వన్."

ఇరవై గొంతుల ముందు ఒక్క గొంతు ఆగుతుందా అనుకుంది పేరమ్మ.

సారు రేడియో కట్టేశాడు. మేడమ్ వెళ్లి భుజం మీద చెయ్యేసింది. ఆ ఇద్దర్నీ అలా చూసేసరికి పేరమ్మ ఆగలేకపోయింది. హాల్లోకొచ్చి, తనకొచ్చిన హిందీ, తనకొచ్చిన ఇంగ్లీషు కలిపి, కళ్లు తుడుచుకుంటూ మొత్తం చెప్పేసింది. కరామా ఫ్లాటు, ఇరవై మంది, ఎదుటివాళ్లూ దేవుడి బిడ్డలే అన్న ఏసుబాబు గారి మాట, ఎవరూ ఓడకూడదన్న కోరిక. మేడమ్ ముక్క ముక్కా సారుకు ఇంగ్లీషులో చెప్పింది.

సారు పేరమ్మ వైపు తిరిగాడు. "ఎప్పటి నుంచి?" అన్నాడు.

"జనవరి నుంచి సార్. ప్రతి ఫ్రైడే."

ఆయన వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకున్నాడు. వన్ వన్, టూ టూ, నిల్ నిల్ అంటూ గొణుక్కున్నాడు. ఉన్నట్టుండి తల దించేసుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని పేరమ్మ హడలిపోయింది. తీరా తలెత్తితే నవ్వు! కళ్లజోడు తీసి, బల్ల చరుస్తూ, మాట రానంత నవ్వు. అది చూసి మేడమ్‌కీ నవ్వాగలేదు. పేరమ్మ ఒక్కతే ఏం చెయ్యాలో తెలీక కొంగు నలుపుకుంటూ నిలబడింది.

నవ్వు తెమిలాక సారు అన్న మాటల్ని మేడమ్ హిందీలో చెప్పింది: "నా ఊళ్లో వేలమంది వాళ్లని తిడతారు, పేరమ్మా. నేనూ తిట్టాను. ప్రార్థన చేసినవాళ్లను మాత్రం ఎప్పుడూ వినలేదు. వాళ్లను నేను చూడాలి."

అన్నట్టే శుక్రవారం సాయంత్రం సారూ మేడమూ కరామా వచ్చారు. సారు మెట్లెక్కి, గుమ్మం బయట బూట్లు విప్పి, కుర్చీ వేస్తే వద్దని, తన పొడుగు కాళ్లు ఎటు మడవాలో తెలీక తిప్పలు పడుతూ చాప మీదే కూర్చున్నాడు. ఏసుబాబు గారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. సూరిబాబు నోట ముందు క్షమాపణ చెప్పించాడు.

సారు చేతులూపాడు. "లేదు, లేదు. జనవరి తర్వాత మమ్మల్ని ఓడించిన మగాడు లేడు! మా క్లబ్బు పుట్టాక అలాంటిది జరగలేదు. అందరూ ఓడి దిగిపోతారు. మేం ఓడకుండా దిగిపోయాం."

సూరిబాబు అది తెలుగులో చెప్పగానే హాలంతా ఘొల్లుమంది. ఏసుబాబు గారు కూడా మొట్టమొదటిసారి పళ్లు కనపడేలా నవ్వాడు.

"అయితే బాబూ, మనోళ్లు దిగితే ఆ చోట్లోకి ఎవరొత్తారు?" అని అడిగింది నాగరత్నమ్మ, విస్తళ్లు పరుస్తూ.

కింద డివిజన్ నుంచి మూడు ఊళ్ల జట్లు పైకెక్కాయని సారు చెప్పాడు.

"ఓ! అయితే ఆ మూడూళ్లలో ఈ వారమంతా పండగన్నమాట!" అందావిడ.

సారు గరిటెడు కూర వడ్డించుకోబోతూ ఆగాడు. "అందులో ఒకటి మా పక్క ఊరే. మా చెల్లెలి మొగుడిది. ఇంకా వాడు వీధిలో తాగి గెంతుతూ ఉంటాడు" అని తనలో తనే నవ్వుకుని, "గెంతనీ, పాపం. చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నాడు" అన్నాడు.

భోజనాలయ్యాయి. ఎండ దిగి, కిటికీలోంచి వీధి చప్పుడూ, హోటల్లో పరోటాలు కొట్టే చప్పుడూ పైకి వస్తున్నాయి. ప్రతివారం ముగింపుకు పాడే సాయంకాలపు కీర్తన ఏసుబాబు గారు ఎత్తుకున్నాడు. పాత మిషనరీల కాలంలో తెలుగు చేసిన పాట. రెండో చరణంలో పేరమ్మకు పక్క నుంచి కొత్త గొంతు వినపడింది. తిరిగి చూస్తే సారు. మాటలు ఇంగ్లీషువి, రాగం అదే. ఎక్కడా తప్పకుండా, చివరి దాకా పాడాడు.

పాటయ్యాక ఏసుబాబు గారు ఆశ్చర్యంగా అడిగాడు. "సారు గారు ఏ చర్చిలో నేర్చుకున్నారంట?"

సూరిబాబు అడిగి, జవాబు విని, కాసేపు తల గోక్కున్నాడు.

"చర్చిలో కాదంటండీ. బంతాట మైదానంలోనంట. ఏడాదికోసారి పెద్ద కప్పు ఫైనలు ముందు లక్షమంది లేచి నిలబడి ఇదే పాట పాడతారంట. చిన్నప్పుడు ఆళ్ల నాన్న భుజాలెక్కి పాడేరంట."

లక్షమంది పాడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత నాగరత్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చాప మీద చతికిలబడింది.

"అయితే మళ్లీ పాడండి. ఈసారి నేనూ పాడతాను, ఇందాక అంట్లు తోముతున్నాను" అంది.

ఏసుబాబు గారు మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి సారు లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి మేడమ్ నిలబడింది. పేరమ్మా నిలబడింది, ఆవిడ వెనకే హాలంతా నిలబడింది.