చెప్పనివ్వని పేరు

"ఈసారి కూడా గడియ సంగతి రాశావంటే నీ ఉద్యోగం ఊడినట్టే," అంది తల్లి, కూతురు ఇంకా చెప్పులైనా తొడుక్కోకముందే.

కూతురిది ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ పని. ఎవరూ మధ్యలో లేచి తిరక్కుండా సూపర్‌వైజరు ఆ గదికి బయటి నుంచి గడియ పెడతాడు. ఆరునెలలకోసారి బయటి సంస్థ నుంచి ఒకావిడ సర్వేకి వచ్చి, పనివాళ్ళందరినీ అవే ప్రశ్నలు అడుగుతుంది. పోయినసారి కూతురు ఉన్నదున్నట్టు రాసేసింది. అప్పటినుంచి తల్లి కంటికి కునుకు లేదు.

"పేరు రాయం కదమ్మా. పాత జవాబూ కొత్త జవాబూ జతపడటానికి ఎవరి గుర్తు వాళ్ళే వేసుకుంటాం. అమ్మ పేరులో మొదటి అక్షరం, మనం పుట్టిన తేదీ. అంతే."

"నన్ను కూడా లాగావూ అందులోకి? బాగుంది. ఇద్దరినీ కలిపి పట్టుకుపోతారు."

"నిన్ను పట్టుకుపోయినవాడు సాయంత్రానికల్లా తెచ్చి దింపేస్తాడులే. ఈసారి రాయను, సరేనా? పోనివ్వు."

అయినా తల్లి మనసు ఊరుకోలేదు. పోయినసారి రాసిన కాగితం ఇంకా అక్కడే ఉంది కదా. తల్లి ఆస్పత్రి వెనక గేటు దగ్గర కాపు కాసి, సర్వే ఆవిడ రాగానే ఎదురెళ్ళింది.

"అమ్మా, పోయినసారి మా అమ్మాయి రాసిన కాగితం తీసేయండి. దాని పేరు..."

"చెప్పకండి పిన్నిగారూ," అంటూ ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది. "ఏది ఎవరిదో నాకే తెలియదు. అలాగే ఉండనివ్వండి."

తల్లి పక్కకి చూసింది. వాచ్‌మన్ రెండడుగుల దూరంలో బీడీ కాలుస్తున్నాడు. ఎవరి నోట పేరు బయటపడుతుందోనని ఇన్నాళ్ళూ హడలిపోయింది, తీరా తన నోటితోనే అనబోయింది.

"మరి ముగ్గురే ఉన్న గదైతే ఎవరు రాశారో తెలిసిపోదూ?" గొంతు తగ్గించి అడిగింది.

"ఐదుగురికి తక్కువైతే రిపోర్టులో ఆ గది లెక్క విడిగా చూపించం. పక్క గదితో కలిపేస్తాం. ఓసారి కలిపి ఓసారి విడదీస్తే తేడా పట్టేస్తారని, ప్రతిసారీ ఒకేలా కలుపుతాం."

"ఇక్కడి సూపర్‌వైజరు అడిగితేనో?"

"పోయినసారి అడిగాడుగా. తెలియనిది ఎలా చెప్పను, అన్నాను."

తల్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ముక్కూమొహం తెలియని మనిషి తన పిల్లని ఆరునెలలుగా కాచింది. ఆవిడ లోపలికెళ్ళాక కూడా అక్కడే నిలబడింది.

కాసేపటికి ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, కాగితాలు పంచుతున్నారు. గడియ ప్రశ్న దగ్గర ఖాళీ వదిలేస్తున్నా. ఇక నిశ్చింతగా ఉండు."

తల్లి తలెత్తి చూసింది. గోడ మీదుగా ఇస్త్రీ గది గొట్టంలోంచి ఆవిరి తెల్లగా ఎగజిమ్ముతోంది. లోపల వేడి యంత్రాలు, గుడ్డల కుప్పలు, ఒక్కటే తలుపు.

"అమ్మా? ఉన్నావా?"

వాచ్‌మన్ బీడీ ఆర్పి, ఇంకోటి ముట్టించుకున్నాడు.

"రాయి," అంది తల్లి. "గడియ బయటివైపే ఉందని అర్థమయ్యేలా రాయి."