తీతు గారి నరకం పటం

నేను ఒక గుడ్డ పటాన్ని. ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. నా నిండా నరకం ఉంది.

నన్ను గీసినవాడు నరకాన్ని నమ్మినవాడేమీ కాదు. చీరాలలో దుకాణాలకు బోర్డులు రాసే వీరాచారి. పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న తీతు పాస్టరు గారు లూకా సువార్తలోంచి ధనవంతుడూ లాజరూ కథనీ, ప్రకటన గ్రంథంలోంచి అగ్నిగుండాన్నీ చదివి వినిపించారు. వీరాచారి అంతా విని, "మంటలు ఎంత ఎత్తుండాలండీ?" అని అడిగాడు. పాస్టరు గారు కాసేపు ఆలోచించి, "మనిషి మునిగేంత," అన్నారు. మంటల్లో ఉన్నవాళ్లకు వీరాచారి తనకు తెలిసిన ముఖాలే పెట్టాడు. ఒకసారి తనను నడిదారిలో బస్సు దింపేసిన కండక్టరు నాలో నోరు తెరుచుకుని ఉన్నాడు. అసలు కండక్టరు మాత్రం రిటైరై మనవలతో హాయిగా ఉన్నాడట.

పదకొండేళ్లు ఊరూరా తిరిగాను. పాస్టరు గారు నన్ను రెండు వెదురుబద్దలకు కట్టి, చేతికర్రతో ఒక్కొక్క చోటూ చూపిస్తూ వాక్యం చెప్పేవారు. కర్ర మంటల దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవారు. కూటం అయ్యాక చాలామంది ఏడుస్తూ ముందుకొచ్చి మోకరించేవారు. వాళ్లు దేవుడి దగ్గరకు వచ్చారో, నా దగ్గరనుంచి పారిపోయారో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఆయనకు స్తెఫను అని ఒక తమ్ముడు. ఆటో నడిపేవాడు, తాగేవాడు, గుడికి రావడం మానేశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను వాకిట్లో ఎండకు ఆరేసి ఉంచారు. అన్నదమ్ములిద్దరికీ అక్కడే మాటామాటా పెరిగింది. పాస్టరు గారు కర్ర తీసుకుని నా కుడి మూల, మంటలు బాగా ఎర్రగా ఉన్నచోట ఆనించి, "ఇదిగో, నీ చోటు ఇది," అన్నారు. స్తెఫను దగ్గరకొచ్చి వంగి చాలాసేపు చూశాడు. "ఇరుగ్గా ఉందన్నా," అని నవ్వి, అన్నం తినకుండా వెళ్లిపోయాడు.

పంతొమ్మిది రోజులకు ఒక స్నేహితుడి చేలో మోటారు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు.

సమాధి అయిన మూడో రోజు వాళ్లమ్మ రాహేలమ్మ గారు చుట్టి పెట్టిన నన్ను తానే విప్పి గోడకు ఆనించింది. పెద్దకొడుకును పిలిచింది.

"ఆ రోజు కర్ర ఎక్కడ పెట్టావో మళ్లీ పెట్టి చూపించు నాయనా."

"అమ్మా, కోపంలో అన్నాను."

"కోపంలో అన్నావా, దేవుడు చెప్తే అన్నావా? ఆ సంగతి చెప్పు ముందు."

ఆయన నన్ను తిరిగి చుట్టేశారు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఎవరికీ తిండి సహించలేదు. చివరికి ఆమే తేల్చింది. "మిగతా గుళ్లవాళ్లూ అదే పుస్తకం చదువుతున్నారు గదా. వాళ్లనీ అడుగుదాం. పటం కూడా తీసుకురా."

ముందు ఆర్‌సీఎం గుడికి, అంటే క్యాథలిక్కుల దగ్గరకు వెళ్లారు. అక్కడి ఫాదర్ కళ్లజోడు సర్దుకుని నన్ను నిదానంగా చూశాడు. "నరకం ఉందని మా శ్రీసభ కూడా చెబుతుందమ్మా. కానీ ఫలానా మనిషి అక్కడున్నాడని ఇప్పటిదాకా ఒక్కరి పేరూ చెప్పలేదు," అన్నాడు. ఆ తర్వాత ఉత్తరించు స్థలం గురించి చెప్పాడు. దేవుడి ప్రేమలోనే పోయినా ఇంకా శుద్ధి కావలసినవాళ్లు అక్కడ ఉంటారట. వాళ్లకోసం బతికున్నవాళ్లు ప్రార్థన చేయవచ్చట.

"పోయినోళ్ల కోసం చెయ్యొచ్చా?" ఆమె ముఖం ఒక్కసారిగా మారిపోయింది.

"మన బోధలో అది లేదమ్మా," అన్నారు పాస్టరు గారు బయటికొచ్చాక.

"మీ బోధలో లేకపోతే పోనీ. నా నోరు ఊరుకోదు."

తర్వాతి వారం శనివారం ఆరాధన చేసే సంఘం పెద్ద ఇంటికి వెళ్లారు. ఆయన రిటైరైన బడిపంతులు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. చచ్చినవారు ఏమీ ఎరుగరని ప్రసంగి గ్రంథం తీసి చూపించాడు. "ఇప్పుడు నిద్రలో ఉంటారమ్మా. చివరి తీర్పులో చెడ్డవాళ్లు కాలి బూడిదైపోతారు. అంతులేని బాధంటూ ఉండదు. ఇక ఉండరు, అంతే." మంచి మనసుతోనే చెప్పాడు.

"ఇక ఉండరా? అసలే ఉండరా?" అని అడిగింది ఆమె. లేచేటప్పుడు మెల్లగా అంది. "మంటల్లో అయినా ఎక్కడో ఒకచోట ఉంటాడు గదా అనుకుంటున్నానయ్యా ఇన్నాళ్లూ."

తిరుగు బస్సులో తీతు గారు నన్ను ఒళ్లో నిలువుగా పట్టుకుని కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకే పుస్తకం, చెప్పేది తలా ఒకటి. నా మీద ఉన్నది మాత్రం ఒకే బొమ్మ. అందులో నిజమెంతో నాకే తెలియదు.

ఏటా పెద్ద పందిరి వేసి జరిపే ఎండాకాలం ఉజ్జీవ కూటాలు వచ్చాయి. నన్ను వేదిక మీద కట్టారు. పాస్టరు గారు కర్ర ఎత్తారు గానీ నాకు ఆనించలేదు. మొదటి వరుసలో తల్లి కూర్చుని ఉంది.

"నా తమ్ముడికి నేను ఇందులో చోటు చూపించాను," అన్నారాయన. "నరకం లేదని అనడం లేదు. ఎవరుంటారో, ఎంతకాలముంటారో నాకు తెలియదు. తెలిసినట్టు చూపించాను. నన్ను క్షమించండి."

మా సంఘ పెద్ద ఇమ్మానుయేలు గారు మైకు అందుకుని పాట ఎత్తించాడు. వారం తిరక్కుండానే ఇంటికొచ్చి, కొన్నాళ్లు వాక్యం చెప్పడం మాని విశ్రాంతి తీసుకోమన్నాడు.

"భయం లేకపోతే జనం గుడికి రారు అయ్యగారూ."

"మా అమ్మ వస్తుందండీ. ఆమె భయపడి రావడం లేదు."

సంఘం నా బదులు ఫ్లెక్సీ కొట్టించుకుంది. అందులో మంటలు నాకంటే బాగా మండుతున్నాయట. తీతు గారు వాళ్ల నాన్న వదిలేసిన మగ్గం మళ్లీ ఎక్కారు. గుడిలో వెనక వరుసలో కూర్చుంటున్నారు. రాహేలమ్మ గారు పొద్దున్నే పొయ్యి ముట్టిస్తూ స్తెఫను పేరు పెట్టి ప్రార్థన చేసుకుంటుంది. మొదట్లో తీతు గారు విననట్టు ఉండేవారు. ఇప్పుడు ఆమె ఆగినచోట ఆమెన్ అంటున్నారు.

మొన్నటి వానలకు పెంకులు కదిలి ఆమె మంచం తడిసింది. రంగు దట్టంగా పట్టిన గుడ్డలోంచి నీళ్లు దిగవని తీతు గారు నన్ను పట్టుకుని నిచ్చెన ఎక్కారు.

"బొమ్మ కిందికి పెట్టనా అమ్మా? ఎవరైనా చూస్తే బాగుండదేమో."

"పైకే పెట్టు," అంది ఆమె కింద నిచ్చెన పట్టుకుని. "పైనున్న ఆయన్ని కూడా ఒకసారి చూడనీ."

అప్పటినుంచి ఆకాశానికి ఎదురుగా పడుకుని ఉన్నాను. కింద మంచం పొడిగానే ఉంది.