మంచు కింది చెవులు

ప్రిస్సిల్లా పరాయి దేశంలో, క్లేటన్ అనే ఊరి యూనిలో, అంటే యూనివర్సిటీలో, మంచు గురించి చదివే మంచి పిల్ల. ఉత్తర ధ్రువ సముద్రంలో మంచు కింద శబ్దాలు వినే యంత్రాలు దించడానికి వెళ్లే నౌకలో ఆమెకు బెర్తు దొరికింది. తిమింగలాల పాట కోసమే దించినా, ఆ చెవులకు జలాంతర్గాముల గురక కూడా వినబడుతుంది. అందుకే నౌక వివరాలేవీ బయట చెప్పనని ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. తనకు తెలిసిన చారు మిరియాల చారు ఒక్కటే, గూఢచారులతో తనకేం పని అనుకుని పెట్టేసింది.

కానీ అక్కడి మన తెలుగువాళ్ల చర్చి సంఘంలో మొక్కుబడి ప్రార్థనలు చెల్లవు. ఎవరి ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో, ఎవరి వీసా ఎక్కడ ఆగిందో విడమరిచి చెబితేనే ప్రార్థన గురి తప్పదని పెద్దల నమ్మకం. ఆమెను కూతురిలా చూసుకునే సంఘపెద్ద ఎలియాజర్ అడిగితే, నౌక పేరు, బయలుదేరే నెల చెప్పేసింది. ఆయన ఆనందంగా వాట్సాప్ ప్రార్థన గ్రూపులో పెట్టాడు. సంతకం పెట్టి దాచిన సంగతి సంతకెక్కింది.

గ్రూపులో కొత్తగా చేరినవాడొకడు ఆమెకు విడిగా మెసేజ్‌లు పెట్టసాగాడు. ముందు చలికోటు గురించి, తర్వాత అమ్మ ఆరోగ్యం గురించి అడిగాడు. ఒక రోజు అడిగింది మాత్రం ఆమె రెండుసార్లు చదివింది. యంత్రాలు ఎక్కడెక్కడ దించుతారో చెబితే, ఒక్కో చోటూ పేరుపెట్టి ప్రార్థిస్తాడట.

ఫోన్ పట్టుకుని ఎలియాజర్ ఇంటికి పరుగెత్తింది. సన్నీబ్యాంక్ అనే వేరే ఊరి సంఘం విశ్వాసినని చెబితే గ్రూపులో చేర్చానని, మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదని ఆయన ఒప్పుకున్నాడు.

"బ్లాక్ చేసేయ్ తల్లీ. యూనిలో చెప్పావంటే బెర్తు పోద్ది. పాపం, నిజంగా ప్రార్థనకే అడిగాడేమో."

"దేవుడికి చోటు తెలీదా అంకుల్?"

ఆయన ఆ మెసేజ్ మరోసారి చదివాడు.

"నా పేరు కూడా చెప్తావా?"

"చెప్పాలి అంకుల్. ముందు నా తప్పు చెప్తా. మీకు చెప్పింది నేనే కదా."

ఆయన లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

యూని భద్రతాధికారి మెసేజ్‌లన్నీ చదివింది. విచారణ తేలేదాకా ఫోన్ తమ దగ్గరే ఉంటుందని, నౌక మాత్రం అందాకా ఆగదని, ఆ బెర్తు వేరొకరికి ఇస్తారని మెల్లగా చెప్పింది. ప్రిస్సిల్లా తలూపింది.

పక్కనున్న ఎలియాజర్ ఎవరూ అడక్కుండానే తన ఫోనూ బల్ల మీద పెట్టి, లాక్ నంబరు చెప్పాడు.