పూజకు పెట్టని ఆయుధం

మా ఇంట్లో ఆయుధపూజ చేసేది మగవాళ్లు. ఆయుధాలు తుడిచేది నేను. ట్రాక్టరు, కారు, రెండు మోటారుసైకిళ్లు, అంగట్లో కాటా, డ్రిప్పు పైపులు కోసే రంపం, బోరు మోటార్లు విప్పే స్పానర్లు, చివరికి మా ఆయన భూపేష్ బిల్లులు తీసే ప్రింటరు. గ్రీజు వదలాలంటే డీజిలు గుడ్డతో ఒకసారి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. ఆరేళ్లుగా తుడుస్తున్నాను కాబట్టి ఏ స్పానరు ఏ మోటారుకు పడుతుందో అంగట్లో పనిచేసే పెద్దన్న కంటే నాకే బాగా తెలుసు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈసారి మాత్రం అన్నీ తుడిచాక పూజపీటల మీద ప్రింటరు పక్కన నాదొకటి పెట్టాను. అరచేతిలో పట్టే పచ్చటి సర్క్యూట్ బోర్డు. దానికి టేపుతో అంటించిన చిన్న తెర, ఎనిమిది బటన్లు, వెనక వేలాడే బ్యాటరీ. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్‌కి అది మొదటి నమూనా. ఇంకా పైన ప్లాస్టిక్ డొప్ప కూడా రాలేదు. బెంగుళూరులో మా కంపెనీ చేసినవి ప్రపంచం మొత్తానికి రెండే. ఒకటి ఆఫీసులో ఉంది. రెండోది మైదుకూరులో, మా మేడమీది గదిలో, నా దగ్గర. దానికి ఫర్మ్‌వేర్ రాసేది నేను. కరెంటు అందగానే అందరికంటే ముందు లేచి, తెరను లేపి, బటన్లను లేపి, బ్యాటరీ ఎంతుందో చూసి, ఆటకు అన్నీ అమర్చిపెట్టి పక్కకు తప్పుకునే ప్రోగ్రాము అది. ఆడేవాళ్లకు అదొకటి ఉందనే తెలియదు. చెడిపోయిన రోజు మాత్రం అందరూ దాన్నే తిడతారు. ఈ విద్య నాకు ఇంత తొందరగా ఎందుకు వంటబట్టిందో వేరే చెప్పాలా?

మా అత్త కృష్ణవేణమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వరుసగా బొట్లు పెడుతూ వచ్చి, నా బోర్డు దగ్గర ఆగింది. రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఇదేందమ్మా ఈడ?"

"నా పని వస్తువత్తా."

"ఆడుకునే బొమ్మకు బొట్టేందమ్మా! దేవుడు నవ్వుతాడు" అని తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

భూపేష్ నవ్వాడు. "ఆయమ్మకు ఆటలాడితేనే జీతమిస్తారు లేమ్మా" అన్నాడు. చుట్టాలందరికీ ఆయన చెప్పే మాటే అది. మా ఇంటామె వీడియోగేములు ఆడుకుంటాంటాది, ఆడోళ్లకు మంచి కాలక్షేపం. ఆ కాలక్షేపంతోనే కారు కంతు కట్టేదని మాత్రం ఏ పెళ్లిలోనూ చెప్పగా వినలేదు.

నా మొహం చూసి అత్తకు జాలేసినట్టుంది. వంటింట్లోకి పోయి గ్యాస్ స్టవ్వుకు మూడు బొట్లు, మిక్సీకి ఒకటి, గ్రైండరుకు ఒకటి పెట్టి, "ఇదో, నీ ఆయుధాలు ఇవి. పోయినేడు మరిచిపోయినా. ఇప్పుడు సంతోషమేనా?" అంది. ఆమె ప్రేమగానే అంది. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

పదిన్నరకు యేసుప్రసాద్ ఫోన్ చేశాడు. ఆఫీసులో నాకంటే మూడేళ్లు జూనియర్, ప్రొద్దుటూరు పిల్లోడు. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి వాడికి సోల్డరింగు నేర్పింది నేనే. మా కంపెనీలో పెట్టుబడి పెట్టేవాళ్లు రేపు మధ్యాహ్నం ఆఫీసుకు వస్తున్నారు. బయటి దేశం వాళ్లు, వాళ్ల క్యాలెండరులో దసరా లేదు. వాళ్లకు ఈ నమూనా చూపించాలి. నేనే చూపించాలని నెల కిందటే అనుకున్నాం.

"అక్కా, నిన్న సాయంత్రం చేస్తే భూపేషన్న ఎత్తినాడు. నువ్వు రాలేవంట గదా. ఆరుగంటల బస్సులో డ్రైవరు చేతికిచ్చి డబ్బా పంపిస్తానన్నాడు. ఎట్ల ఆన్ చేయాలో ఒక కాగితంలో రాసిపెట్టక్కా, నేను చూపిస్తా."

నిన్న సాయంత్రం నేను ట్రాక్టరు కింద పడుకుని బురద గీకుతున్నాను. ఫోను గడప మీద ఉంది.

"ఇంకో మాటక్కా" అని వాడు నసిగాడు. "రేపు చూపించినోళ్లకే టీము అప్పజెప్తారంట. నాకే వస్తే, నీ నోటికాడి కూడు లాక్కున్నట్టుంటాది."

మెట్లు దిగి భూపేష్ దగ్గరికి పోయాను. "నేను రానని మీరెట్ల చెప్పినారు?"

"రేపు పండగపూట ఇంట్లో ఆడమనిషి లేకుంటే ఎట్ల? పోయి వంట చూడు, మద్దేనం అంగట్లో పనోళ్లు పదిమంది బువ్వకు వస్తాండారు." ఆయన కారుకు నిమ్మకాయలు కడుతున్నాడు, తలెత్తలేదు. "డబ్బా పోతాది గదా. నువ్వు పోయి చేసేదేముండాది?"

వంటింట్లోకి పోయి బియ్యం కొలవసాగాను. ఆరేళ్ల అలవాటు, కోపం వచ్చినా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. మూడో శేరు పోస్తుండగా హాల్లో అత్త కేక వినిపించింది.

"ఏయ్ పెద్దన్నా! ముట్టొద్దు! పూజలో పెట్టిన ఆయుధం రేపు పొద్దున కదిలించేదాక ముట్టగూడదని తెలీదా?"

పెద్దన్న ఏదో మోటారు ఆగిపోయిందని స్పానరు తీయబోయాడట. "అట్లనేలేమ్మా, రేపే చూస్తా" అని వాడు హాయిగా అరుగు మీద కూర్చున్నాడు.

నేను స్టవ్వు వైపు చూశాను. మూడు బొట్లు. బియ్యం మళ్లీ డబ్బాలో పోసి, మూత పెట్టి, హాల్లోకి వచ్చి గుగ్గిళ్ల గిన్నె ఒళ్లో పెట్టుకుని తింటూ కూర్చున్నాను.

పన్నెండుకు అత్త వంటింట్లో తొంగిచూసింది. "ఏందమ్మా, ఇంకా ఎసురు పెట్టలేదా?"

"స్టవ్వు పూజలో ఉండాదత్తా. ముట్టగూడదు."

"వంటింటి సామాన్లకు ఆ పట్టింపు లేదమ్మా!"

"నా ఆయుధాలు ఇవేనని పొద్దున నువ్వే చెప్తివి గదా. పెద్దన్న స్పానరుకు సెలవుండాది, నా పొయ్యికి లేదా?"

అత్త తన శాస్త్రాన్ని తానే దాటలేకపోయింది. "కాపురానికొచ్చినప్పట్నుంచీ ఈ పొద్దు పొయ్యి ముట్టిస్తానే ఉండానే..." అని గొణిగింది. అది నా మీద కోపమో, పోయిన నలభై పండగల మీద దిగులో నాకు అర్థంకాలేదు.

భూపేష్ మాత్రం ఇల్లెగిరిపోయేటట్టు అరిచాడు. పనోళ్ల ముందు పరువు పోయిందన్నాడు, చదువుకున్నదాన్ని చేసుకుంటే ఇంతేనన్నాడు. దాసన్న హోటల్ నుంచి పదమూడు పార్సిళ్లు తెప్పించాడు. నా పార్సిల్ తీసుకుని మేడెక్కి గడియ పెట్టుకున్నాను.

బోర్డులో ఒక్క తప్పు మిగిలి ఉంది. ఐదు నిమిషాలు వాడకపోతే కన్సోల్ నిద్రపోతుంది. లేపితే తెర తెల్లగా బిగుసుకుపోయేది, ఆడిన ఆటంతా పోయేది. మూడు వారాలుగా దాని వెంట పడుతున్నాను. వెంటపడటం అంటే కుక్కరు మూడో కూతకు ఇరవై నిమిషాలు, అత్త మాత్రలకు లేచే ముందు పది నిమిషాలు. పట్టు దొరికేలోగా కింది నుంచి పిలుపు. ఈరోజు ఎవరూ పిలవలేదు, పిలవడానికి వంట లేదు. పెళ్లయ్యాక మొట్టమొదటిసారి మూడు గంటలు ఏకబిగిన కూర్చున్నాను. తప్పు ఎంత చిన్నదో! తెరకు కరెంటు నిలకడగా అందకముందే బొమ్మ చూపించమని ఆజ్ఞ పోతోంది. క్షణంలో ఎనిమిదో వంతు ఆగితే చాలు. ఆగమని రాశాను. నిద్రపుచ్చాను, లేపాను. ఇరవైసార్లు. ఇరవైసార్లూ ఆగినచోటి నుంచే ఆట మొదలైంది. ఏడ్చేశాను. తప్పు దొరికిందని కాదు. నా బుర్రకు మూడు వారాలు అక్కర్లేదు, మూడు గంటలు చాలని తెలిసి.

ఐదున్నరకు భూపేష్ అట్టపెట్టె, టేపు పట్టుకుని వచ్చాడు. "ఇట్లియ్యి, బస్సు టైమవుతాంది." మంచం మీద సర్దిన నా బ్యాగు చూశాడు. "ఇదేంది? యాడికి పోతాండావు?"

"డబ్బా పోయే బస్సులో మనిషి పోగూడదా?"

"పోతే పో! కారు మాత్రం తీయను, పూజలో ఉండాది."

"తెలుసు. బస్టాండు దాకా నడుస్తా."

"రేపు పండగ..."

"తుడవాల్సినవన్నీ తుడిచినా. రేపు కదిలించేది మీరే చేసుకోండి."

బ్యాగు భుజానికి వేసుకుని, కన్సోల్‌ని నా పాత చున్నీలో చుట్టి చేత్తో పట్టుకుని కిందికి దిగాను. గుమ్మం దగ్గర అత్త నిలబడి ఉంది. అడ్డుకోవడానికే అనుకున్నాను. ఆమె చేతిలో కుంకుమ భరిణె ఉంది.

"ఉండమ్మా. అంత దూరం పోతాండాది గదా, దానికీ రోంత బొట్టు పెడతా."

పొద్దున అదే బొట్టు కోసం నా ప్రాణం కొట్టుకుంది. ఇప్పుడు ఆమె వేలు దగ్గరకు వస్తుంటే చున్నీ మూటను వెనక్కి తీసుకుని, నా నుదురు ముందుకు చాపాను.

"నాకు పెట్టత్తా. దానికొద్దు. బొట్టు పెడితే రేపటిదాకా ముట్టగూడదు గదా, బస్సెక్కిన కాన్నుంచి నాకు దాంతో శానా పనుండాది."