తగ్గిన ఫిర్యాదులు

మా మరిది నన్ను "మీరు" అన్నాడంటే ఏదో పని పడిందన్నమాట. ఆ రోజు నేను కూరగాయలు తరుగుతుంటే లాప్‌టాప్ తెచ్చి వంటగట్టు మీద పెట్టి, "వదినా, మీరొకసారి ఇంగ్లీషు సరిచూడాలి" అన్నాడు. పెద్ద బిజినెస్ స్కూలుకు పంపే రెజ్యూమె. సీటు రాకపోతే మామగారు మళ్ళీ ఫర్నిచర్ కొట్లోనే కూర్చోబెడతారు. వాడికి ఆ బెంగ నిజంగానే ఉంది. వాడి దగ్గర నిజమైనది అదొక్కటే, అదేమో రెజ్యూమెలో లేదు.

చదివాను. రెండేళ్ళపాటు కొట్లో ఏసీ కింద కూర్చుని ఫోన్లో ఆటలాడుకున్నవాడు వ్యాపారానికి నాయకత్వం వహించాడట. వడ్రంగికి టీ తెప్పించడం సిబ్బంది సంక్షేమమట. ఒక సోఫాను కిటికీ దగ్గరికి జరిపించడం అమ్మకాల వ్యూహమట. మా కొట్టు బీరువాలే నయం. ఇది పైన పటారం, లోన లొటారం.

ప్రతి వాక్యంలో అంకె ఉండాలని ఎవరో సలహాదారు చెప్పాడట. అందుకే చివర్లో, "కస్టమర్ల ఫిర్యాదులను తొంభై శాతం తగ్గించాను" అని ఉంది.

అది చదివి కత్తి పక్కన పెట్టాను.

ఎలా తగ్గాయో నాకు తెలుసు. పోయినేడు కొట్టు ఫోన్ మోత చిరాగ్గా ఉందని దాన్ని ఇంటి ఫోనుకు మళ్ళించాడు. అప్పటినుంచి మంచం కిర్రుమంటోందనేవాళ్ళూ, బీరువా తలుపు పడట్లేదనేవాళ్ళూ పొయ్యి దగ్గరున్న నాతోనే మొరపెట్టుకుంటున్నారు. చిరునామా రాసుకుని, వడ్రంగిని పంపించి, పని అయిందో లేదో మళ్ళీ కనుక్కునేది నేనే. కొట్లో మాత్రం హాయిగా ఉంది. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ మా చిన్నాడి బుర్రే బుర్ర అని చెప్పుకుంటున్నారు.

"ఇది తీసెయ్" అన్నాను.

"అసలు గొప్పంతా అదే వదినా. అంకె ఉంది కదా."

"ఆ ఫోన్లు ఎత్తేది నేను."

"మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదా."

సొమ్మొకడిది, సోకొకడిది. తప్పులు దిద్ది ఇచ్చేశాను. అబద్ధాలు దిద్దమని వాడు అడగలేదు. వివరాలకు సంప్రదించమంటూ కింద కొట్టు నంబరే ఇచ్చాడు. దాన్ని మళ్ళించిన సంగతి వాడికి గుర్తే లేదు. మర్చిపోవడానికే కదా మళ్ళించింది.

కొన్నాళ్ళకు, పాలు పొంగబోతుండగా ఫోన్ మోగింది. స్కూలు నుంచి ఒకావిడ. పొయ్యి కట్టేశాను. రెజ్యూమెలో రాసినవి సరిచూసుకుంటున్నామని చెప్పి, ఫిర్యాదులు తగ్గిన మాట నిజమేనా అని అడిగింది. హాల్లోంచి అత్తగారు ఎవరన్నట్టు చెయ్యి తిప్పుతున్నారు. ఔననేసి ఊరుకుంటే వాడికి సీటు, నాకు ఆ ఫోను.

"నిజమేనండి. కొట్టుకి ఇప్పుడు ఒక్కటీ వెళ్ళదు. అన్నీ మా వంటింటికే వస్తాయి. మీరు చేసింది కూడా వంటింటికే."

ఆవిడ మరి వాటిని చూసేదెవరని అడిగింది. నేనని చెప్పాను. ఎలాగని అడిగితే అదీ చెప్పాను, అంకెలేమీ లేకుండా. ఆవిడ మర్యాదగా థాంక్స్ చెప్పి పెట్టేసింది.

మరిది గదిలోంచి తల బయటపెట్టాడు.

"మళ్ళీ ఫిర్యాదా, వదినా?"

"ఔను. ఈసారి చేసింది నేను. నీ మీద."

పొయ్యి మళ్ళీ వెలిగించాను.